మూత రాని గిన్నె

సముద్రం ఎడిటింగ్ గదిలోకి ఎప్పుడు వచ్చిందో హైమకు తెలియదు. మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి, వాటి మీద కుర్చీలు తేలుతున్నాయి, ఆమె మాత్రం తెరకు కళ్ళప్పగించి తన సినిమా చివరి దృశ్యాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉంది. కలలో కూడా ఆమెకు సెలవు లేదు. పక్క కుర్చీలో ఆమె పాత స్నేహితుడు కిరీటి ఉన్నాడు. విశాఖ కుర్రకారును ఊపేసిన రాక్ గాయకుడు, మూడేళ్ళ క్రితం సముద్రంలో కొట్టుకుపోయినవాడు, తోలు జాకెట్ నుంచి నీళ్ళు కారుతున్నా పట్టించుకోకుండా, ఒళ్ళో ఒక స్టీలు గిన్నె పెట్టుకుని దాని మూతతో కుస్తీ పడుతున్నాడు.

"ఆ బస్సెక్కుతున్నోడు ఎవడే?" అంటాడు తెరకేసి చూసి.

"నువ్వే," అని నాలుక కరుచుకుంటుంది హైమ. వెనకనుంచి కిరీటిలా కనిపించే ఆ మనిషిని వెతికి పట్టుకుని, అలాంటి జాకెట్టే తొడిగి, అరకు బస్సు ఎక్కించింది తనే. శవం ముఖం ఆనవాలు పట్టలేనట్టుందట, అది వేరెవరిదోనట, కిరీటి పేరూ గోలా వదిలేసి కొండల్లో గడ్డం పెంచుకుని ఉన్నాడట అని అభిమానులు అల్లిన కథనే ఆమె సినిమాగా తీసింది. బతికున్నాడని చెప్పలేదు, చెప్పనట్టే చెప్పింది. పోయిన వారం కిరీటి తల్లికి చూపిస్తే ఆవిడ హైమ చేతులు కళ్ళకద్దుకుంది.

"బానే ఉన్నాడు. తిన్నాడా మరి?" అంటాడు కిరీటి.

"ఎవరు?"

"ఆడే. నేను తినలేదు. ఈ మూత రావట్లేదు."

గది ఇప్పుడు గది కాదు, వాళ్ళ బ్యాండు ఊళ్ళు తిరిగిన పాత వ్యాను; కిటికీల బయట రోడ్డు బదులు అలలు పరిగెడుతున్నాయి, వెనక సీట్లో డ్రమ్ములు వాటంతటవే మోగుతున్నాయి, అయినా ఇద్దరికీ అది వింతగా తోచదు. గిన్నెలోంచి చింతచిగురు పప్పు వాసన వస్తోంది. హైమ కూడా గోళ్ళు విరిగేలా లాగుతుంది. మూత కదలదు.

"ఇన్నేళ్ళూ తమ్ముడు తద్దినం పెట్టేవోడు, ఏదో ఇంత అందేది," అంటాడు కిరీటి, కోపం లేకుండా. "ఈసారి అమ్మ బతికున్నోడికి వండింది. నాకెలా వస్తాదే?"

"బతికున్నావని నేననలేదురా. ప్రశ్న అడిగానంతే."

"అడిగేవు, సరే. ఎవర్ని అడిగేవు? మార్చురీలో గుడ్డ ఎత్తి చూసింది నువ్వే గదా."

అతడు ఎడమచేతి చిటికెన వేలు చూపిస్తాడు. ఒకప్పుడు ఇదే వ్యాను తలుపు హైమ తొందరపడి వేస్తే నలిగి, వంకరగా అతుక్కున్న వేలు. దాన్ని చూసే ఆ రోజు ఆమె "వీడే" అంది. సినిమాలో ఆ వేలు ఎక్కడా లేదు.

హైమకు భయం వేస్తుంది; అతణ్ణి చూసి కాదు, అతడు ఒక్క మాటైనా తిట్టనందుకు. నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. "రేపే విడుదలరా, ఇప్పుడెలా ఆపను?" అని ఆమె అంటుంటే ఆ వంకర వేలు మూత అంచు కింద దూరాలని చూస్తోంది, జారిపోతోంది, మళ్ళీ చూస్తోంది, మళ్ళీ జారిపోతోంది.

ఫోను మోగి మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎడిటింగ్ బల్ల మీదే తల వాల్చి నిద్రపోయింది. తెర మీద జాకెట్ మనిషి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే ఆగి ఉన్నాడు. ఫోను చేసింది కిరీటి తల్లి కనకరత్నం.

"అమ్మా, ఇయ్యాల ఆడి తిథి గదా. పంతులుగార్ని రావద్దనీసేను. బతికున్న బిడ్డకి తద్దినం పెడితే అరిష్టం గదేటి?" ఆవిడ గొంతులో పండగ హుషారు. "చింతచిగురు పప్పు వండేను. నేనూ తిన్లేదు, చిన్నోడికీ పెట్టలేదు. మూతెట్టి ఉంచేను, ఆడే వచ్చి తీస్తాడని."

హైమకు రేపటి విడుదల, అంటించిన పోస్టర్లు, ఏడాది కష్టం అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొస్తుండగానే నోరు తెరిచింది.

"ఆంటీ, ఆ రోజు వాడి చిటికెన వేలు చూశాను. వాడే ఆంటీ. బస్సెక్కినవాడు నేను తెచ్చిన కిరాయి మనిషి. పంతులుగారిని పిలవండి."

అవతలి నుంచి గిన్నె మీది మూత తీసిన చప్పుడు వినిపించింది.