మన్‌బీర్ కప్పుకున్న దుప్పటి

డార్జిలింగ్ కొండల్లో నేపాలీలు వేరే రాష్ట్రం కావాలని గొడవ మొదలెట్టినప్పుడు, ఓడరేవు పక్కనున్న మా గార్డెన్ రీచ్ బస్తీలో అందరూ “పాపం, అడగనీ” అన్నారు. తర్వాత యూనియన్ మీటింగులో ఎవడో ఆళ్ల ఎనకాల విదేశాలున్నాయన్నాడు. అంతే, మా ఓడరేవు గేటు కాసే నేపాలీ మన్‌బీర్‌ని, అంతవరకూ దాదా, అంటే అన్నా, అని పిలిచినోణ్ని, పలకరించే నాథుడే లేడు. మా ఆయన గవరయ్యయితే మరీను. ఓడల్లో మూటలు దింపుతాడు కదా, దేశాల గుట్లన్నీ తనకే తెలుసనుకుంటాడు.

ఓ సలి పొద్దున్న డ్యూటీకెళ్లినోడు పరుగున ఎనక్కొచ్చీసినాడు.

“అమ్మన్నా, రుజువు దొరికేసింది! మన్‌బీర్ విదేశీ దుప్పటి కప్పుకున్నాడే. మూలన రష్యా అచ్చరాలున్నాయి. ఉట్టినే ఇస్తారేటి?”

నాకు ఒళ్లు మండిపోయింది.

“ఎర్రగళ్లదేనా? అంచు కాలిపోయుందా?”

“నీకెలా తెల్సు?”

“రష్యా ఓడలో పనిసేసినప్పుడు ఆళ్లు నీకిచ్చిందే కదేటి! బీడీతో కాల్సింది నువ్వే. దాదా సలికి దగ్గుతుంటే పోయినేడు నేనే ఇచ్చినాను. యెల్లి సెప్పు మీ యూనియనోళ్లకి, ఆ విదేశం పేరు అమ్మన్నమ్మని!”

ఆయన తల గోక్కున్నాడు. పొయ్యి మీద మరుగుతున్న టీ కేసి సూసినాడు.

“రెండు గ్లాసుల్లో పొయ్యే. మన్‌బీరూ తాగుండడు.”

పోసిచ్చినాను. గుమ్మం దాకా ఎల్లి ఆగిపోనాడు.

“ఎవరైనా సూస్తేనో?”

“సూడనీ. సాయం సేసే దేశాలు రెండయ్యాయనుకుంటారు. ఎల్లు, సల్లారిపోతంది!”