తల్లి పొర మీద విభూతి

పోయిన వారం నుంచి మా అత్తగారు వంటగట్టు మీది గాజు జాడీలో, తీపి టీ మీద తేలుతున్నారు. టీ పులిసి కొంబుచా కావాలంటే పైన తల్లి పొర ఉండాలి. మా ఇంట్లో ఆ పని ఆవిడ తీసుకున్నారు. అట్టంత గుండ్రంగా, మీగడ రంగులో ఉన్నారు. నుదురు మాత్రం పోల్చుకోవచ్చు.

దీపం పెట్టాక, జాడీ మీది గుడ్డ తీసి ఆ నుదుటికి విభూతి పెడుతున్నాను. విభూతి లేకుండా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. జాడీలో ఉన్నంత మాత్రాన మానేస్తారా?

ఇవాళ మా ఆడపడుచు మాణిక్యాంబ గారు తల్లి ఆరోగ్యం చూడడానికి వచ్చారు. ఆవిడ కోసం వంటగది కాస్త వెడల్పవుతుంది.

"మునిగిందా?"

"ఒక పక్కకి ఒరిగారండి వదినగారూ."

"ఒరిగితే ఏం కాదు. కింద పీచులు వేలాడినా ఏం కాదు. తడిగా, నున్నగా తెల్లబడితే కొత్త పొర. పొడిగా తెల్లబడితే బూజు. బూజైతే గీకి దాచుకోవడాల్లేవు, మొత్తం పారబొయ్యడమే. మా అమ్మైతే మాత్రం?"

వంగి చూస్తారు. "ఇదేంటే, పొడిగా ఉంది?"

"విభూతండి."

"బూజూ అలాగే అంటుంది."

మా వారు గుమ్మంలోంచి, "తుడిచి చూస్తే పోలా అక్కా?" అంటారు.

"అమ్మ నుదుటి విభూతి తుడుస్తావా? కళ్ళు పోతాయిరా!"

ఆయన చేతులు వెనక్కి పెట్టుకుంటారు. నేనూ పెట్టుకుంటాను.

"పోనీ రుచి చూద్దామండి. పులుపు కుదిరితే బాగున్నట్టేగా."

"నైవేద్యం కాకుండా ఎంగిలి చేస్తావా? పోనీ, బూజు పట్టింది దేవుడికి పెడతావా?"

రెండూ నిజమే. శివుడు ఒంటినిండా పూసుకునేది విభూతే కదా, మరి ఆయన్ని ఎవరు పరీక్షిస్తారు అని అడగాలనిపిస్తుంది. 

జాడీలో బుడగ లేస్తుంది. "బాగానే ఉన్నానే అమ్మాయ్," అంటారు అత్తగారు. "చక్కగా పులుస్తున్నాను."

"బూజు పట్టినవాళ్ళకి తెలీదు," అంటారు వదినగారు, జాడీని ప్రేమగా నిమిరి.

మా వారు జాడీని సింకులో వంపుతారు. అత్తగారు జాలీ మీద ఆగిపోతారు. ధార తగిలి విభూతి కరిగిపోతుంది. కింద తడిగా, నున్నగా, పసిబిడ్డ బుగ్గలా కొత్త పొర. ఇల్లంతా మంచి పుల్లటి వాసన.

"బానే ఉంది పాపం," అంటారు వదినగారు, జాలీ మీద మరిగిన నీళ్ళు పోస్తూ. "పారబోసింది మళ్ళీ ఎత్తకూడదు."

కొత్త టీ చల్లారుతుంది. వదినగారు నా చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కి చూస్తారు.

"మెళ్ళోవి తీసెయ్. లోహం తగిలితే తల్లి పాడవుతుంది."

"పుస్తెలు కూడానా అండీ?"

"లోహమేగా."

నా కింద టీ గోరువెచ్చగా ఉంది. పైన గుడ్డ పరిచి రబ్బరు బ్యాండు వేస్తారు. గుడ్డలోంచి దేవుడి గూడు కనిపిస్తోంది. శివుడు పటం దిగి వచ్చి, తన ఒంటి మీది విభూతి గీకి గీకి మా వారి దోసిట్లో పోస్తున్నాడు. గీకిన చోటల్లా తడిగా, నున్నగా ఉంది. మా వారు కళ్ళకద్దుకుని, మూడు వేళ్ళు ముంచి, భక్తిగా గుడ్డ ఎత్తుతున్నారు.