అలల బండ కోసం ఒట్టు

మా చెల్లెలు భరణికి రాళ్ల పిచ్చి. చదువూ అదే, ఉద్యోగమూ అదే. తిరుత్తణి దాటాక వచ్చే కొండల్లో ఏ రాళ్లను కాపాడాలో తేల్చడం దాని పని. కోట్ల ఏళ్ల కిందటి నీటి అలలు అక్కడి బండల మీద అలాగే నిలిచిపోయాయట. చింతాద్రిపేటలో లారీ సామాన్ల అంగడి నడుపుకునే నాకు అవి ఆరేసిన చీర ముడతల్లా కనిపించాయి. ఆ మాటన్నందుకు కొన్నాళ్లు నాతో మాట్లాడడం మానేసింది.

నిపుణులు వచ్చి చూసి మార్కులు వేస్తారు. మార్కులొస్తే కొండకు రక్షణ, పక్కనున్న క్వారీకి మూత. వచ్చేవాళ్లు గుర్తుపట్టాలని భరణి మంచి బండలకు తెల్ల పెయింటుతో సున్నాలు చుట్టింది. ఆ క్వారీలో కోయాల్సిన రాయికీ అలాగే సున్నా చుడతారని మహాతల్లికి తట్టలేదు. పెయింటు అయిపోయి, అన్నిటికన్నా పెద్ద బండ మాత్రం సున్నా లేకుండా మిగిలింది. దాని కొలత తెలియాలని నన్ను పక్కన నిలబెట్టి ఫొటో తీసింది.

కొన్నాళ్లకు లారీ తోలే అంతోని అంగడికొచ్చి, తెల్ల సున్నాలున్న రాళ్లను తిరువొత్తియూరులో రాళ్లు కోసే షెడ్డులో దించి వస్తున్నానన్నాడు. భరణికి చెప్పాను. తాగుతున్న కాఫీ వదిలేసి బయలుదేరింది. ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను.

షెడ్డులో దాని సున్నా ఉన్న బండ రంపం కింద సగం తెగి ఉంది. భరణి ఫొటో తీయబోతే ఒకడు ఫోన్ లాక్కున్నాడు. వాడి ముక్కు పగలగొట్టాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు. మిగతావాళ్లు మీదపడి కడ్డీతో మోకాలు విరగ్గొట్టారు. కిందపడ్డాక డొక్కలో తన్నారు. ఊడిన పన్ను రక్తంతో కలిపి ఉమ్మేశాను.

అప్పుడు షెడ్డూ క్వారీ రెండిటికీ యజమాని నాగప్పన్ వచ్చాడు. తరాల కిందట మాలాగే ఈ తమిళ నేలకు వలసొచ్చిన తెలుగువాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఫోన్‌లో ఫొటోలు తిప్పుతూ, నేను నిలబడ్డ ఆ పెద్ద బండ దగ్గర ఆగాడు. అది ఎక్కడుందో చెప్పమని భరణిని అడిగాడు. సున్నాలున్నవన్నీ అప్పటికే పోయాయి; నిపుణులు వచ్చేలోగా దాన్నీ పేల్చేస్తే కొండకు మార్కులు రావు, క్వారీ నిలుస్తుంది.

భరణి చెప్పనంది. నా ఎడమ చేతిని రంపం కిందికి ఈడ్చారు. చిటికెన వేలు తెగిపోయింది. నా అరుపు నాకే ఎవరిదోలా వినిపించింది.

"పడమటి పక్క వాగు దాటి, ఏటవాలు కింద. ఆడుంది," అని భరణి చెప్పేసింది.

బండ ఉన్నది తూర్పున. నాగప్పన్‌కు అనుమానమొచ్చింది.

"మీ అన్న తల మీద చెయ్యిపెట్టి ఒట్టెయ్యి, పాప్పా."

మా ఇంట్లో తల మీద ఒట్టంటే ప్రాణం మీద ఒట్టే. చిన్నప్పుడు భరణి ఆటలో నా తల మీద అబద్ధపు ఒట్టేసిందని అమ్మ దాని చేతిమీద వాత పెట్టింది. ఒట్టు అబద్ధమైతే ఆ తల రాలిపోతుందని అమ్మ నమ్మకం, నాగప్పన్ నమ్మకం, దాచడమెందుకు, నాదీను. భరణికి అదంతా నవ్వులాట.

రక్తంతో తడిసిన నా తల మీద చెయ్యి పెట్టింది. "మా అన్న తలమింద ఒట్టు," అంది. చెయ్యి వణకలేదు. తోడబుట్టినవాడి తల మీద అబద్ధపు ఒట్టేసే ఆడపిల్ల మనవాళ్లలో ఉంటుందని నాగప్పన్ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. రంపం కన్నా ఆ చెయ్యికే ఎక్కువ భయపడ్డాను. దాన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది.

మమ్మల్ని రోడ్డు మీద పారేసి, వాళ్లు పడమటి ఏటవాలంతా పేల్చి పిండి చేసుకున్నారు. నిపుణులు వచ్చేసరికి తూర్పు బండ చెక్కుచెదరకుండా ఉంది. క్వారీ మూతపడింది. నాగప్పన్ మీద కేసు నడుస్తోంది.

క్షమించమని భరణి అడగలేదు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్. "లేచినావా అన్నా?" అంటుంది, పెట్టేస్తుంది. ఏ నమ్మకమూ లేనిదానికి ఇదేం జబ్బని తిట్టాను.

కొండకు కంచె వేశాక నన్ను తీసుకెళ్లి ఆ బండ మీద కూర్చోబెట్టింది. తల మీద చెయ్యి పెట్టింది. ఈసారి చెయ్యి వణికింది. వేసిన ఒట్టు వెనక్కి తీసుకోవడానికి చిన్నపిల్లలు అనే మాటే అంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టినా."

మర్నాడు పొద్దున కూడా ఫోన్ చేసింది.