పళ్ళు కోయడానికి రాని వాటాదారు

నాగలక్ష్మి ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి, మేనేజరుగా ఉండగానే ఉద్యోగం వదిలేసి, అరకులో మోటారుసైకిళ్ళ విడిభాగాల కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుని, ప్రైవేట్ ఈక్విటీ సంస్థ పెడతానన్నప్పుడు శృంగవరపుకోటలో ఆవిడ చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. విన్నవాళ్ళలో సగంమందికి అదేదో చీటీల వ్యాపారం అనిపించింది, మిగతా సగంమందికి అంతకన్నా ప్రమాదమైనదేదో అనిపించింది. ఆవిడ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఓపిగ్గా చెప్పుకొచ్చింది: "అప్పివ్వం. వాటా కొంటాం. లాభమొస్తే అందులో మాకూ వాటా, నష్టమొస్తే అందులోనూ వాటా. ఆరేడేళ్ళకి ఆ కంపెనీ పెద్దదయ్యాక మా వాటా అమ్ముకుని బయటికొస్తాం."

అసలు సంగతేమిటంటే, బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ కొండమీంచి వచ్చిన దరఖాస్తుల్ని తాకట్టు లేదని తిప్పి పంపీ పంపీ ఆవిడ ప్రాణం విసిగిపోయింది. ఆ మనుషులకి పని తెలుసు, సరుకు తెలుసు. లేనిదల్లా తాకట్టు కాగితమే. ఆ కాగితం అడగని చోటు ఒకటి తనే పెట్టాలని ఆవిడ పట్టుదల.

తోడుగా డాలీ దొరికింది. హుకుంపేట మిషన్ బడిలో పాఠాలు చెప్పిన సమూయేలు మాస్టారి కూతురు. సీఏ పరీక్ష మూడోసారికి గట్టెక్కి, హైదరాబాదులో ఇలాంటి సంస్థలోనే ఐదేళ్ళు చేసింది. "ఆంటీ, అక్కడ వంద కోట్లకి తక్కువైతే ఫైలు తెరవరు. మనం ఇరవై లక్షలకి తెరుద్దాం" అని, బంగారంలాంటి ఉద్యోగం వదిలి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల ధైర్యం చూస్తే నాగలక్ష్మికి ముద్దూ వచ్చేది, భయమూ వేసేది.

పెట్టుబడి కోసం ఆవిడ ఎక్కని గుమ్మం లేదు. విశాఖలో ఇద్దరు డాక్టర్లు, ఒక మందుల షాపాయన ఒప్పుకున్నారు. అందరికన్నా పెద్ద మొత్తానికి మాటిచ్చింది సర్వేశ్వరరావు. శృంగవరపుకోటలో రైసుమిల్లు ఆయనది. ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో ఆవిణ్ణి 'మేనేజరమ్మా' అని పిలిచి అలవాటు, ఇప్పటికీ అదే పిలుపు.

"సంస్థ పేరేటి?" అన్నాడు.

"గాలికొండ పార్ట్‌నర్స్."

"గాలి అని పేరెట్టి డబ్బడుగుతావేటమ్మా?" అని నవ్వి, సగం మాత్రం ఇచ్చాడు. మిగతా సగం పని చూశాక ఇస్తానన్నాడు.

మొదటి వాటా హుకుంపేట దగ్గర కొండమీద కొన్నారు. సోమన్న, అతని అక్క పైడితల్లి కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ అది. నలభై ఇళ్ళవాళ్ళ తోటల్లో పండిన కాఫీ పళ్ళు తెచ్చి, ఏ రోజువి ఆ రోజే తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి అమ్ముతారు. పండు ఒక్క రాత్రి నిలవుంటే పులిసిపోతుంది. గాలికొండ డబ్బుతో తొక్క తీసే మిషను వచ్చింది, ఎండబెట్టే మంచెలు లేచాయి. బదులుగా కంపెనీలో నూటికి ముప్పై వంతులు గాలికొండవి. సోమన్న ప్రతి పేజీ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. పైడితల్లి కాగితాల వంక చూడనైనా చూడలేదు.

"అయితే ఇకన్నుంచి నువ్వూ మాలో మనిషివేనా?" అని మాత్రం అడిగింది.

"అవునమ్మా" అంది నాగలక్ష్మి, మనస్ఫూర్తిగానే.

డిసెంబరులో సోమన్న ఫోన్ చేశాడు. "అమ్మా, ఎల్లుండి మా తోట కోత. మీ ఇంటి మనిషి రావాల. బేగి వచ్చీ."

నాగలక్ష్మికి ఆ రోజు విశాఖలో డాక్టర్లతో సమావేశం. పాపం, కోతకి మనుషులు చాలక అడుగుతున్నాడనుకుంది. ముప్పై ఏళ్ళ మేనేజరు బుర్ర కదా, చిటికెలో ఉపాయం చెప్పేసింది. అరకులో ఇద్దరు ఆడవాళ్ళని కూలికి మాట్లాడి, డబ్బు ముందే ఇచ్చి, ఆటోలో పంపింది. సాయంత్రానికి వాళ్ళు తిరిగొచ్చారు. పని చెయ్యనివ్వలేదట. కడుపునిండా కోడికూర అన్నం పెట్టి పంపేశారట. ఎంత మర్యాదస్థులో అనుకుని నాగలక్ష్మి మురిసిపోయింది. చూశారా, తెలివైనవాళ్ళు తప్పు చేస్తే ఇంత శుభ్రంగా చేస్తారు!

అప్పటినుంచి నెలనెలా ఫోన్ చేస్తే సోమన్న ఒకటే మాట: "బాగుందమ్మా." మిషనెలా ఉంది? బాగుంది. రేటెలా ఉంది? బాగుంది. మంచి కంపెనీలో వాటా కొన్నామని ఆవిడ ధీమాగా ఉంది. ఆ ఏడు గాలికొండ పెదబయలులో పసుపు ఆడించే కంపెనీలో వాటా కొంది, చింతూరులో అడ్డాకు విస్తళ్ళు కుట్టే కంపెనీలో ఇంకోటి కొంది. గదిలోకి రెండో బల్ల వచ్చింది, గోడకి రంగు పడింది. దాంతో మళ్ళీ కోతల కాలం వచ్చేసరికి చేతిలో డబ్బు అడుగంటింది. సర్వేశ్వరరావు ఇవ్వాల్సిన సగం వస్తేనే సంస్థ నడుస్తుంది. ఆయన ఇవ్వకపోతే డాక్టర్లూ వెనక్కి తగ్గుతారు, మార్చిలో గది ఖాళీ చేయాలి. డాలీ మళ్ళీ హైదరాబాదు బస్సెక్కాలి.

"శుక్రవారం వత్తాను. నీ మొదటి కంపెనీ చూపించు. నచ్చితే ఇత్తాను, నచ్చకపోతే నేదు" అని ఆయన కబురు చేశాడు.

సరిగ్గా ఆ వారమే, సోమవారంనాడు హుకుంపేట సంతలో డాలీకి కాఫీ పళ్ళు కొనే షావుకారు ఒకడు ఎదురయ్యాడు. "మీ సోమన్న మిషను చెడిపోయి తొమ్మిది రోజులైంది కదా. పళ్ళన్నీ నాకే, సగం ధరకి" అని చెప్పి పళ్ళికిలించాడు. డాలీ అక్కణ్ణుంచే ఫోన్ చేసింది. నాగలక్ష్మికి ముందు కోపమొచ్చింది, తర్వాత దుఃఖం వచ్చింది. తొమ్మిది రోజులు! ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేదే!

మర్నాడు పొద్దున్నే కొండెక్కింది. పైడితల్లి తోటలో ఉంది, నడుముకి బుట్ట కట్టుకుని.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది నాగలక్ష్మి.

పైడితల్లి చెయ్యి ఆపలేదు. "నువ్వు తెంపుకున్నావు కదా. తెంపుకున్నోళ్ళకి మా కట్టాలు సెప్పుకుంటామేటి?"

"నేనేం తెంపుకున్నాను?"

అప్పుడు పక్క వరసలో కోస్తున్న సోమన్న నెమ్మదిగా చెప్పాడు. ఈ కొండమీద ఒకే పనిలో వాటా ఉన్న ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి ఒకరి కోతకి ఒకరు వస్తారు. ఇవాళ నా తోట, రేపు నీ తోట. ఒంట్లో బాగాలేకపోతే రాలేనని చెప్పొచ్చు, ఎవరూ ఏమనుకోరు. కానీ తన బదులు కూలిమనిషిని పంపితే, మీకూ నాకూ చెల్లు అని చెప్పినట్టే. అందుకే వచ్చినవాళ్ళకి అన్నం పెట్టి సాగనంపారు.

"డబ్బులిచ్చినావు కాబట్టి కాగితం మీద ఉన్నావు. ఆ కాగితానికే బాగుందని సెప్పినాం" అన్నాడు.

నాగలక్ష్మికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఒక బుట్ట అడిగి కట్టుకుంది. యాభై నాలుగేళ్ళ మనిషి, కొండవాలు మీద కాలు నిలవదు. ఎర్రటివి మాత్రమే కోయాలని తెలిసినా గుత్తికి గుత్తి దూసేసింది. పైడితల్లి ఆ బుట్టలోంచి పచ్చికాయలు ఏరి చూపించి, "ఏటీ గుంటపిల్ల పని?" అని కసిరింది. ఆ కసురుతో నాగలక్ష్మికి ప్రాణం లేచొచ్చినంత పనైంది. పరాయివాళ్ళని ఎవరూ అలా కసరరు కదా! డాలీ కోయంబత్తూరుకి ఫోన్ మీద ఫోన్ చేసి మిషను బేరింగులు తెప్పించే పనిలో పడింది. గురువారం సాయంత్రానికి అవి వచ్చాయి, మిషను తిరిగింది.

శుక్రవారం సర్వేశ్వరరావు వచ్చేసరికి నాగలక్ష్మి తోటలో ఉంది, గోళ్ళనిండా జిగురు, మోచేతికి గీరు. ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. మిషను చూశాడు, మంచెలు చూశాడు. సగం మంచెలు ఖాళీగా ఉన్నాయి. మిల్లు నడిపిన కళ్ళు మరి, దాస్తే దాగదు.

"కోత మధ్యలో మంచెలెందుకు ఖాళీ?"

సోమన్న అడుగు ముందుకేశాడు. "మిషను పాడైపోనాది బాబూ, పది రోజులు పైగా ఆగింది. తప్పు మాది. అమ్మకి మేం సెప్పనేదు."

నాగలక్ష్మి అతనివైపు చూసింది. తనని కాపాడుతున్నాడు. ఊరుకుంటే చాలు. నష్టం సోమన్నది, తప్పూ సోమన్నది, సంస్థకి మచ్చ రాదు. పక్కనే ఉన్న డాలీ ఊరుకోమన్నట్టు కళ్ళతో బతిమాలుతోంది. నాగలక్ష్మికి ఆ గదీ, ఆ రెండో బల్లా, ఈ పిల్ల హైదరాబాదు బస్సెక్కడమూ అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"కాదు రావుగారూ, తప్పు నాది" అంది. "కిందటేడు కోతకి రమ్మని పిలిస్తే నేను రాకుండా కూలివాళ్ళని పంపాను. ఇక్కడ అలా చేస్తే సంబంధం తెంపుకున్నట్టట. అందుకే వీళ్ళు నాకు చెప్పలేదు. ఏడాదిపాటు నా మొదటి కంపెనీలో ఏం జరుగుతోందో నాకే తెలియదు. మీరు డబ్బు ఇవ్వనంటే నేనేం అనుకోను."

సర్వేశ్వరరావు ఖాళీ మంచెల వంక మరోసారి చూశాడు. పైడితల్లిని అడిగాడు, వాటా ఉన్న ఇల్లు ప్రతిదీ రావాలా అని. ప్రతిదీ రావాలందామె. ఆయన మొహం గంటు పెట్టుకుని నాగలక్ష్మివైపు తిరిగాడు.

"గాలికొండలో అందరికన్నా ఎక్కువ డబ్బు నాది. ఔనా కాదా?"

"అవునండీ."

"మరి రెండు కోతలైనాయి. నాకెందుకు కబురెట్టనేదు?"

డాలీ ముందు నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పైడితల్లి మాత్రం ఆయన బొజ్జనీ ఇస్త్రీ చొక్కానీ అనుమానంగా చూసి, ఒక బుట్ట తెచ్చి చేతికిచ్చింది.

"ఆ కబురు ఇప్పుడెడతన్నాం. ఆ పై వరస నీది. పచ్చికాయ తెంపినావంటే ఊరుకోను."

ఆయన చెప్పులు విప్పి గట్టుమీద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ పై వరసకి ఎక్కాడు.