నేలమాళిగలో గాలి గొట్టం

భర్త మెట్రో అంత్యక్రియలు ముగించుకుని వచ్చేసరికి, ఎవరో వంటింటి బల్ల నిండా గిన్నెలు పెట్టి వెళ్ళారు. క్యాబేజీ చుట్టలు, బీట్‌రూట్ సూపు. ఒరీసియా కోటు విప్పకుండానే ఒక్కో మూత ఎత్తి చూసి మళ్ళీ పెట్టేసింది. ఆకలి లేదు. ఏడుపూ రాలేదు.

ఆమె శనివారం చర్చి హాల్లో ఆడవాళ్ళతో కూర్చుని పిండిలో బంగాళాదుంప కూరి పెరోగీలు చుడుతున్నప్పుడు, మెట్రో ఇంటి కింద నేలమాళిగలో చేపల గాలాలు బాగుచేసుకుంటూ కుర్చీలోనే పోయాడు. తిరిగొచ్చి చూస్తే, చలిలో నడిచొచ్చినవాడిలా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పక్కనే ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ మండుతోంది. మంటకు గాలి చాలక విషవాయువు గదిలోకి తన్నిందని గ్యాసు కంపెనీ మనిషి చెప్పి, ఫర్నేస్ ఆపేసి, వాడొద్దని ఎర్ర చీటీ కట్టాడు. కారణం తేల్చే అధికారి మంచు తుఫాను తగ్గాక వస్తాడట.

"తేల్చేదేముంది? ఆ వెండెల్ గాడే," అంది కూతురు లారిస్సా. విన్నిపెగ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే మాట. శీతాకాలానికి ముందు ఫర్నేస్ శుభ్రం చేసింది వెండెలే. ఊళ్ళో వాళ్ళు అప్పుడే అతన్ని పనికి పిలవడం మానేశారు.

ఆ మధ్యాహ్నం వెండెల్ కరెంటు హీటరొకటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మనిషిని చంపి హీటర్ పట్టుకొచ్చావా? సిగ్గు లేదూ!" లారిస్సా తలుపు వేసేయబోయింది.

వెండెల్ హీటర్ మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"వెండెల్, లోపలికి రా," అంది ఒరీసియా. "లారిస్సా, నువ్వూ రా. కిందికి."

ఫర్నేస్ వెనక, బయటి నుంచి మంటకు గాలి తెచ్చే గొట్టం నేల దాకా దిగి ఉంది. ఒరీసియా టార్చి వేసింది. గొట్టం నోట్లో మెట్రో పాత కోటు కుక్కి ఉంది. కోటు చెయ్యొకటి బయటికి వేలాడుతోంది.

"మీ నాన్నే పెట్టాడు. కాళ్ళకి చలిగాలి కొడుతోందని."

"నీకు తెలుసా?"

"టీ ఇవ్వడానికొచ్చినప్పుడు చూశా. తీసెయ్యమన్నా. ఏం కాదులేవే అన్నాడు."

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదమ్మా?"

ఒరీసియా టార్చి కిందికి దించింది. ఇన్నాళ్ళూ ఊరంతా వెండెల్‌ను తిడుతుంటే, అదెవరి గురించో అన్నట్టే వింటూ కూర్చుంది.

లారిస్సా కోటు లాగబోయింది. వెండెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉంచమ్మా. అధికారి వచ్చి చూడాలి." గొట్టం మీద చెయ్యి వేసి, "దీన్ని మూయొద్దని నేనూ చెప్పా. ఊరంతటినీ వెచ్చబెట్టమంటావా అని నవ్వాడు మీ నాన్న," అన్నాడు.

లారిస్సా మెట్ల మీద కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఒరీసియా పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వెయ్యాలి కాబట్టి వేసింది.

అధికారి రెండ్రోజులకు వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, కోటు సంచిలో వేసుకుని వెళ్ళాడు. లారిస్సా వెండెల్ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చింది. కొత్త ఫర్నేస్ అతనే బిగించాడు. పని కాగానే ఒరీసియాను కిందికి పిలిచాడు.

"గొట్టంలోంచి చలిగాలి వస్తూనే ఉంటుందండి. రావాలి కూడా."

"రానీ," అందామె. టీ తాగుతావా అని అడిగి, అతను తల ఊపాక, కెటిల్ పెట్టడానికి పైకి వెళ్ళింది.