జత కలవని పీత

"నా కంప్యూటర్ జోలికి ఆ పీతని రానిచ్చేది లేదు. ఇందాకట్నుంచీ అదే చెబుతున్నా," అంది ఇల్లాలు కుర్చీ వదలకుండా.

"పీత కాదమ్మా, గేమ్ కంట్రోలర్. దీనికి వైరు కూడా అక్కర్లేదు. గాల్లోనే కలుస్తుంది." కూతురు కుర్చీ వీపు పట్టుకుని వేలాడుతోంది.

"గాల్లో కలిసేదైతే అసలే వద్దు. దాంతోపాటు నా ఆల్బమ్ కూడా గాల్లో కలిసిపోతే పెళ్ళివాళ్ళు నన్ను బతకనిస్తారా?"

మంచం మీద బీన్స్ ఈనెలు తీస్తున్న అత్తగారు కిసుక్కున నవ్వింది.

పెళ్ళి ఫొటోలను పుస్తకంగా పేర్చి ఇవ్వడం ఇల్లాలి పని. హాల్లో, లోపలి మెట్ల తలుపు పక్కనే ఆమె బల్ల. ఆ మెట్లెక్కితే మరిది వాటా. రెండేళ్ళుగా ఆ తలుపు గడియ తీసిందే లేదు. పైవాళ్ళ రాకపోకలన్నీ వీధివైపు మెట్ల మీదుగానే. రేపు పొద్దున మేస్త్రీ వచ్చి ఈ తలుపుకి అడ్డంగా గోడ కట్టేస్తాడు. ఆ పని పురమాయించింది ఆమే.

రెండేళ్ళ కిందట తోడికోడలు నలుగురిలో నోరుజారి, "బావగారి కొట్టు ఈగలు తోలుకోవడానికే" అంది. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే ఇంటాయన ఆ రోజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. వాళ్ళ గడప తొక్కితే తనని మనిషనొద్దన్నాడు. మొగుడి మాట కింద పడకూడదని ఆ పగని అప్పట్నుంచీ ఆమే నెత్తిన పెట్టుకుని మోస్తోంది. వానాకాలంలో తోడికోడలికి కడుపు ఆపరేషనైతే చూడ్డానికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఒకసారి గేటు దగ్గర ఆ మనిషి గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ ఎదురైతే, మొహం తిప్పుకుని వచ్చేసింది. ఆ పూట ఆమెకి ముద్ద దిగలేదు. ఎందుకో ఎవరికీ చెప్పనూ లేదు.

"ఇంతకీ ఈ పీత ఎవరిదండీ?" అంది, పేపర్ చదువుతున్న భర్తతో.

"కొట్లో ఎవరో వదిలేసి పోయారు," అన్నాడు ఆయన పేపర్ చాటు నుంచే. అది ఆయన సంచిలోనే దొరికింది కూతురికి.

ఆఖరికి ఇల్లాలు తన పని సేవ్ చేసుకుని లేచింది. "ఒక్కసారే. కలిసిందా సరే, లేదా దాని దారి అది చూసుకుంటుంది."

కూతురు తెర మీద 'జత చెయ్యి' అన్నచోట నొక్కి, కంట్రోలర్ నడిమి మీట నొక్కింది. నీలం లైటు మినుకు మినుకుమని, నిలకడగా వెలిగింది.

"కలిసిందోచ్!" అని తెర వంక చూసి మొహం వేలాడేసింది. "ఇక్కడేమీ రాలేదేం?"

"నేను చెప్పలా, నమ్మకం లేని సరుకని."

"కాదమ్మా. ఇది ఇంకెక్కడో కలుస్తోంది. పాత జత, అదే టీవీకి పెట్టే ఆట పెట్టె, దగ్గర్లో ఉంటే పిలవగానే అక్కడికే పోతుంది. ముందు ఆ జత విడగొట్టాలి."

"అంటే పీతకీ పుట్టిల్లుందన్నమాట!" అంది ఇల్లాలు.

ఇంటాయన పేపర్ మడిచేసి గబుక్కున లేచాడు. "పాడైపోయిందే అది. ఇటివ్వు, రేపు చూస్తాను."

"లైటు ఇంత బాగా వెలుగుతుంటే పాడవడమేంటి నాన్నా?"

ఆయన చెయ్యి చాచేలోపే పైన టీవీలోంచి ఏదో ఆట సంగీతం ఢమఢమమంటూ మొదలైంది. వెంటనే చెప్పుల చప్పుడు. ఆ వెనకే, మూసిన తలుపు అవతల నుంచి తోడికోడలి గొంతు:

"ఏవండీ, ఆట ఆనైంది! బావగారు మెట్లెక్కుతున్నట్టున్నారు. వీధివైపు తలుపు తీసిపెట్టండి, నేను టీ పెడతా."

ఇల్లాలు నిలుచున్నది నిలుచున్నట్టే ఉండిపోయింది. తను విన్నది 'బావగారు' అనేనా? ఆ గొంతులో అంత చనువా? ఈ ఇంట్లో ఆవిడకి బావగారు ఇంకెవరున్నారు?

"నాన్నా..." కూతురు నోరు తెరుచుకునే ఉంది. "అయితే నీ సాయంత్రం వాకింగ్...?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మెట్ల మీద ఉండగానే మీట నొక్కుతానమ్మా. వెళ్ళేసరికి ఆట సిద్ధంగా ఉంటుందని."

"గడప తొక్కనన్నారుగా?" ఇల్లాలి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"తొక్కలేదే. దాటాను."

కూతురు ఫక్కున నవ్వి, తల్లి మొహం చూసి నోరు మూసుకుంది.

"ఎప్పట్నుంచీ?"

"ఆ ఆపరేషన్ అప్పుడు. చూసొద్దామని వెళ్ళాను. తమ్ముడు బిక్కమొహం వేసుకుని కూర్చునున్నాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. వాడే నా చేతిలో ఇది పెట్టాడు."

"ఆపరేషన్‌కి... మీరు వెళ్ళారా?"

ఆయన కోసమే కదా తను వెళ్ళకుండా ఆగింది!

"నీకు చెబుదామనే అనుకున్నానే. నువ్వు మేస్త్రీని కూడా మాట్లాడేసరికి నోరు పెగల్లేదు."

ఆమె అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు తలెత్తలేదు.

"మీకూ తెలుసా అత్తయ్యా?"

"నువ్వు నొచ్చుకుంటావని..." ఆవిడ చేతిలో బీన్స్ కాయ ముక్కలు ముక్కలైపోతోంది.

"అంటే ఈ ఇంట్లో వాళ్ళతో మాట్లాడంది నేనొక్కదాన్నేనన్నమాట."

పైన సంగీతం ఆగి మళ్ళీ మొదలైంది, వచ్చేవాడు ఇంకా రాలేదేమని అడుగుతున్నట్టు.

ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళింది. ఫోన్‌లో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడింది. కుళాయి కింద మొహం కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చింది. ఇంటాయన తిట్లకి సిద్ధపడి నిలుచున్నాడు. ఆమె ఆయనని తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మేస్త్రీని రావద్దని చెప్పేశాను. నేను పైకి వెళ్తున్నాను. ఆవిడకి నేను చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. నా వెనకాల ఎవరూ రావద్దు."