సున్నా పాయింట్ ఎనిమిది

బోరు నీళ్లలో ముంచితే సున్నా పాయింట్ ఎనిమిది. వడగట్టిన నీళ్లలో ముంచినా సున్నా పాయింట్ ఎనిమిదే. శ్రీవాణి మీటర్ వైరుకున్న స్టీలు గొట్టాన్ని పైకి తీసింది. చున్నీ అంచుతో పొడిగా తుడిచి గాలిలో పట్టుకుంది. మీటర్ మీది పచ్చటి అంకె కదల్లేదు. సున్నా పాయింట్ ఎనిమిది.

గాలిలో ఫ్లోరైడ్ ఎక్కడిది?

మర్రిగూడ మండలంలో, తారు రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది కాటమయ్యగూడెం. మిట్టమధ్యాహ్నం. నీళ్ల ప్లాంటు రేకుల గది పెనంలా కాలుతోంది. ప్లాంటు నడిపే లింగస్వామి ఒక మూల చాయ్ తాగుతున్నాడు. కంపెనీ టెక్నీషియన్ అరుణ్ గడప మీద కూర్చుని పల్లీలు నములుతున్నాడు. రిపోర్టు ఫైలు అతని మోకాళ్ల మీద ఉంది.

"గంతసేపు ఏం చూస్తున్నవ్? ఓకే వచ్చింది గద. సంతకం పెట్టు, పోదాం. ఇంక రెండు ఊర్లున్నయి," అన్నాడు అరుణ్.

శ్రీవాణిది ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. ఇంజనీరింగ్ చివరి ఏడు. నల్లగొండలో ఈ మీటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఇంకో వారం గడిస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అది లేకపోతే కాలేజీ డిగ్రీ ఇవ్వదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించడం ఈ మీటర్ పని. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందంటే ఆ నీళ్లు పళ్లను, ఎముకలను తినేస్తాయి. మొదటి రోజు ఓనర్ శ్రీకాంత్ సార్ ఈ మాట చెప్పినప్పుడు ఆమె ఒళ్లు పులకరించింది. చదివిన చదువు మనుషులకు పనికొస్తుందనుకుంది.

"అన్నా, ఫిల్టర్ ఎప్పుడు మార్చిండ్రు?" అని లింగస్వామిని అడిగింది.

"మార్చుడెందుకమ్మా? ఇదివరకు ఏడాదికోసారి మారుస్తుంటిమి. ఈ మీటర్ పెట్టినప్పుడు మీ సారే చెప్పిండు, ఒకటిన్నర దాటితేనే మార్చుండ్రి అని. దాటితే గద! రెండు ఎండకాలాలు పోయినయి, ఒక్కనాడు ఎక్కువ చూపియ్యలే. మస్తు మీటరు."

బయట బిందె చప్పుడయింది. వెంకటనర్సమ్మ అనే ముసలామె లోపలికి తొంగిచూసింది.

"ఒరే లింగస్వామీ, నీ నీళ్లల్ల పప్పు ఉడుకుతలేదురా. పొద్దున పెట్టిన, ఇంక రాళ్లలెక్కనే ఉన్నది."

"అవ్వా, మళ్ల వచ్చినవా? నీ పొయ్యి మంచిగ లేకుంటే నేనేం జేస్త? మీటర్ చూడు."

"మీటర్ పప్పు తింటదారా? మా మనుమరాలు ఉషకు పాల పండ్లు ఊడినయి. కొత్త పండ్లు పచ్చగ, చారలు చారలుగ మొలిచినయి. గది గూడ నా పొయ్యేనా?"

"ముసలిదానికి నా మీద పగ," అని లింగస్వామి నవ్వాడు. అరుణ్ కూడా నవ్వాడు.

శ్రీవాణి నవ్వలేదు. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి గొట్టం మూత మీద పెట్టింది.

అరుణ్ పల్లీలు పారేసి లేచాడు. "ఏయ్! సీలు తియ్యొద్దు!"

అప్పటికే మూత ఊడింది.

లోపల సెన్సర్ లేదు. రెండు వైర్లు, వాటి మధ్య గోధుమగింజంత రెసిస్టర్ ఒకటి. అంతే. నీళ్లకూ మీటర్‌కూ ఎక్కడా సంబంధమే లేదు. ఆ రెసిస్టర్ బతికున్నంత కాలం, గొట్టాన్ని పాలలో ముంచినా మురుగులో ముంచినా, తెర మీద ఆ అంకె తప్ప ఇంకోటి రాదు.

ఆ రెసిస్టర్ మీది రంగు చారలు శ్రీవాణికి బాగా తెలుసు. ఏడు వారాల్లో అలాంటివి నలభై మూడు తన చేత్తోనే సోల్డర్ చేసి వైర్లకు అతికించింది. "గిది టెస్టింగ్ కోసం బిడ్డా. అసలు సెన్సర్ వచ్చినంక తీసేస్తం," అన్నాడు శ్రీకాంత్ సార్. నమ్మింది. "నీది చెయ్యా, మిషనా!" అని మెచ్చుకుంటే ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. ఇప్పుడా మెప్పు గొంతులో కుళ్లిన గుడ్డులా అడ్డం పడింది. వేళ్లకు సోల్డర్ పొగ వాసన ఇంకా అంటుకున్నట్టే ఉంది. చున్నీకి తుడుచుకుంది. పోలేదు.

"సెన్సర్ ఏది?" గొంతు తగ్గించి అడిగింది.

"సెన్సరా? మూడేండ్ల సంది చేస్తున్న, నేనింతవరకు ఒక్కటి గూడ చూడలే," అన్నాడు అరుణ్. సిగ్గు లేదు, భయం లేదు. రేపు వాన రాదని చెప్పినట్టు చెప్పాడు.

శ్రీవాణి అతని చేతిలోని ఫైలు లాక్కుని పాత రిపోర్టులు తిరగేసింది. నిరుడు పరీక్షించిన ఇంజనీరు: మంజుల. అంతకు ముందేడు: అశోక్‌కుమార్. ఇద్దరి సంతకాల కిందా కాలేజీ రోల్ నంబర్లు.

"వీళ్లెవరు?"

"నీలెక్కనే. ఇంటర్న్‌లు."

"నువ్వెందుకు పెట్టవు సంతకం?"

"నేనెందుకు పెడత? నేను రేపు గూడ ఈ కంపెనీల ఉండాలె. మీరు రెండు నెలలుండి పోతరు. ఏమన్నయితే మిమ్ముల్ని ఎవడు దేవులాడుతడు?"

అంటూనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. శ్రీకాంత్ సార్ గొంతు తీయగా వచ్చింది.

"శ్రీవాణమ్మా, నీ సర్టిఫికెట్ ఇప్పుడే ప్రింట్ తీసిన బిడ్డా. అవుట్‌స్టాండింగ్ అని రాసిన. జర ఆ సంతకం పెట్టేసి రా."

"సర్, గొట్టంల సెన్సర్ లేదు."

శ్రీకాంత్ సార్ గొంతులో తీపి తగ్గలేదు.

"తెలివిగల్ల పిల్లవు, గిట్ల మాట్లాడొద్దు. ఊరోళ్లకు ఒక అంకె కావాలె, మనం ఇస్తున్నం. నీళ్లెట్లున్నా వాళ్లు తాగేదే గద! ఇన్నేండ్ల సంది తాగుతలేరా? నువ్వేందో కొత్తగ..."

శ్రీవాణి ఫోన్ కట్ చేసింది. ఆ గొంతు చెవిలో జిడ్డులా మిగిలిపోయింది. ఏడు వారాలు ఈ మనిషికి రోజూ నమస్తే పెట్టింది తను!

లింగస్వామి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అన్నీ విన్నాడు. అయినా నమ్మడానికి మనసొప్పలేదు. గొట్టానికి మూత బిగించి చేతిలోకి తీసుకుని తెర వైపు చూశాడు. తర్వాత మెల్లగా తన చాయ్ గ్లాసులో ముంచాడు.

సున్నా పాయింట్ ఎనిమిది.

"చాయ్ గూడ మంచినీళ్లేనారా?" అంది వెంకటనర్సమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లింగస్వామి వాల్వు దగ్గరికి పోయి రెండు చేతులతో తిప్పి కట్టేశాడు. "అవ్వా, రెండేండ్లు నిన్ను తిట్టుకుంట నేను ఊరికి గీ నీళ్లు తాపిన," అన్నాడు. ముసలామె చేతిలోని బిందెను వంచింది. నీళ్లన్నీ గడప మీదుగా పారి అరుణ్ బూట్లు తడిపాయి.

శ్రీవాణి రిపోర్టు మీద పెన్ను పెట్టింది. 'ఈ మీటర్‌లో సెన్సర్ లేదు. చూపించే అంకె అబద్ధం. రెండేళ్లుగా ఫిల్టర్ మార్చలేదు. ఈ నీళ్లు ల్యాబులో పరీక్షించేదాకా తాగొద్దు.' కింద పూర్తి పేరు, రోల్ నంబర్ రాసి సంతకం పెట్టి లింగస్వామికి ఇచ్చింది.

"నీ సర్టిఫికెట్ నీళ్లల్ల పోయింది," అన్నాడు అరుణ్.

"పోనీ. నీ బూట్లు తడుస్తున్నయి, పక్కకు జరుగు."

అరుణ్ బండి తీసుకుని పోయాడు. ఆమెను ఎక్కమని కూడా అనలేదు.

లింగస్వామి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా ఊరొక్కటేనా?"

శ్రీవాణికి అబద్ధం చెప్పాలనిపించింది. నిజంగానే అనిపించింది.

"కాదన్నా. ఈ రెండు నెలలల్లనే నలభై మూడు పోయినయి. అవన్నీ నేనే చేసిన. తెల్వక చేసిన."

లింగస్వామి ఆమె చేతుల వైపు చూశాడు. ఇందాక అరుణ్‌ను ఆమె ఎలా చూసిందో, ఇప్పుడతను ఆమెను అలాగే చూశాడు. వెంకటనర్సమ్మ ఒక అడుగు వెనక్కి జరిగింది. ఆ చూపుల కింద శ్రీవాణికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"ఆ ఊర్ల ఫోన్ నంబర్లున్నయా?" అడిగాడు లింగస్వామి.

"ఉన్నయి. డబ్బాల మీద అడ్రసు, ఫోన్ నంబర్ల చీటీలు అంటించింది నేనే. కాలేజీ రిపోర్టు కోసం ఫోటోలు తీసుకున్న."

అతను తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. "అయితే చెయ్యి. నేను చెప్ప, నువ్వే చెప్పు. ఎవరు చేసిండ్రో గది గూడ చెప్పు."

శ్రీవాణి మొదటి నంబర్ నొక్కింది. నాలుగోసారి మోగాక ఎవరో ఎత్తారు. వెనకాల బిందెల మోత, ఆడవాళ్ల మాటలు. నీళ్లు పట్టుకునే వేళ.

"హలో, ప్లాంటేనా?" అంది. "అన్నా, ముందు నల్లా కట్టేయండ్రి. నేను శ్రీవాణి. మీ మీటర్ చేసింది నేనే."